నడివయసు, నాలుగు జతల బట్టలు

పోయిన ఉగాదికి ముందు రాబర్ట్‌సన్‌పేటలో మా టైలరు దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా నా బట్టలు కుట్టేది ఆయనే. టేపు నా నడుము చుట్టూ తిప్పి, పాత కొలతల పుస్తకం తీసి చూసి, "సార్, 34 కాస్తా 38 అయింది" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "ఇంక ఈ మాదిరి మీకు నప్పదు సార్. ఏ మాదిరి కుట్టేదో మీరే చెప్పండి" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. గుడ్డ అక్కడే పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

యాభై రెండేళ్ళ మనిషి ఏం తొడుక్కోవాలి? కుర్రవాళ్ళ మాదిరి బిగుతు ప్యాంటు వేస్తే నలుగురూ నవ్వుతారు. పెద్దల మాదిరి పంచె కడితే బస్సులో వేలాడడం కష్టం. చూడడానికి బాగుండాలి, పనికి అడ్డం రాకూడదు. ఇంట్లో ఈ మాట ఎత్తితే "ఈ వయసులో మీకు సోకులేమిటి?" అంది మా ఆవిడ. బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి కదా, ఈ ప్రశ్న మన జిల్లాలో నాకంటే ముందు ఎవరికి ఎదురైంది, వాళ్ళేం చేశారు అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఆలోచించేకొద్దీ ఇది సోకు సంగతి కాదని తేలింది.

చాలాకాలం మన పల్లెల్లో ఈ ప్రశ్నే లేదు. ఎవరేం కట్టాలో వయసుకంటే ముందు కులం, వృత్తి, చలిగాలి చెప్పేవి. కోలారు సముద్రమట్టానికి దాదాపు 2,700 అడుగుల ఎత్తున ఉంది. ధనుర్మాసంలో రైతు భుజాన నల్లకంబళి ఉండి తీరాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన గెజిటీర్లు కోలారు ముతక కంబళ్ళను ప్రస్తావించాయి. గొర్రె ఉన్నితో కురుబవాళ్ళు నేసే ఆ కంబళి రాత్రికి దుప్పటి, వానకు గొడుగు, సంతలో పరుపు. తలకు చుట్టిన రుమాలు ఎండకు గొడుగు, చెమటకు తువ్వాలు, నిద్రకు తలగడ. ఒక్క గుడ్డతో ఇన్ని పనులు చేయించుకున్న వాళ్ళకు ఎవరూ పొదుపు పాఠం చెప్పనక్కరలేదు.

పట్టు మాట వేరు. టిప్పు సుల్తాను కాలంలో మైసూరు రాజ్యంలో వేళ్ళూనిన పట్టుపురుగుల పెంపకం పాత కోలారు జిల్లాకు జీవనాధారమయింది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు పేరు తెలియని రైతు మన వైపు ఉండడు. 1912లో నాలుగో కృష్ణరాజ ఒడెయరు మైసూరులో పట్టునేత ఫ్యాక్టరీ పెట్టించారు. మల్బరీ ఆకు తెంపిన చేతులు మాత్రం ఏడాది పొడుగునా నూలు గుడ్డనే కట్టుకున్నాయి. పెళ్ళికి తప్ప పట్టు బయటికి రాలేదు.

బంగారు గనులు వచ్చాక ఈ లెక్క మారింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళు ఇక్కడ పని మొదలుపెట్టారు. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి, గనుల దాకా రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలు దీన్ని చిన్న ఇంగ్లాండు అనుకున్నారు. క్లబ్బులో సాయంత్రం భోజనానికి సూటు, గోల్ఫుకు వేరే బట్టలు. వాళ్ళ కాళ్ళ కింద, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఛాంపియన్ రీఫ్ గనిలో, రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ ఒంటిమీద ఎంత తక్కువ గుడ్డ ఉంటే అంత మేలు. షిఫ్టు అయి పైకి వచ్చాక తనిఖీ. బంగారం ఎక్కడ దాచాడో అని బట్టలు వెతికేవాళ్ళు. కిందేమో వేడి, పైనేమో తనిఖీ - కూలివాడి ఉడుపును ఈ రెండే నిర్ణయించాయి.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనుల్లో పనికి వచ్చినవాడు. ఆ ఊళ్ళో మా కులంవాళ్ళు పెద్దవీధిలో చెప్పులు వేసుకుని నడవకూడదు, పైన చొక్కా ఉండకూడదు. గనుల్లో చేతికి జీతం డబ్బులు వచ్చాయి. నలభై దాటిన తరవాత ఆయన బంగళా బట్లరు దగ్గర ఒక పాత నల్లకోటు కొన్నాడు. చేతులు పొడుగైతే కుదించి కుట్టించుకున్నాడు. పంచె మీద ఆ కోటు, తలకు రుమాలు. మొదటిసారి దాన్ని వేసుకుని ఊరికి పోతూ, పొలిమేరలో విప్పి చంకన పెట్టుకున్నాడట. రెండోసారి విప్పలేదు. 1952 ఎన్నికలలో ఓటు వేయడానికి కూడా ఆ కోటుతోనే వెళ్ళాడని మా అవ్వ చెప్పేది. చలికి పనికొచ్చింది, చూపుకీ పనికొచ్చింది. నా లెక్కలో మొదటి జత అది.

పంచె కట్టినవాడు కోటు వేస్తే నవ్విన రోజుల్లో, కోటు వేసినవాడు తలపాగా తీయకపోవడం కూడా ఒక వింతే. రెండో జత ఆ మనిషిది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నందికొండ దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టారు. అప్పట్లో అది కోలారు జిల్లాలోది. 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలోకి తరవాత పోయింది. ఇంటిపేరు చెప్పినట్టే పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం, ఇంట్లో మాట తెలుగు. ఆ మాటకొస్తే మన భాషవాళ్ళే.

బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరు ఉద్యోగం 1908లో వదులుకుని, 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చి, 1912లో దివాన్ అయ్యారు. అప్పటికి ఆయనకు యాభై దాటింది. మనం పటాల్లో చూసే ఉడుపు అదే: ఇస్త్రీ మడత నలగని సూటు, టై, తల మీద జరీ అంచు మైసూరు పేట. వందేళ్ళ వయసు దాకా ఆ తీరు మార్చలేదు. దసరా దర్బారులో తెల్లవాళ్ళకు కుర్చీలు వేసి మనవాళ్ళను కింద కూర్చోబెట్టడం నచ్చక ఆయన మరుసటి ఏడు పోలేదనీ, తరవాత అందరికీ కుర్చీలు వచ్చాయనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆ సంగతి తెలిశాక ఆ సూటు నాకు వేరుగా కనిపించింది. నీతో సమానంగా కూర్చుంటాను అని సూటు చెబుతుంది. నీవాణ్ణి మాత్రం కాను అని పేట చెబుతుంది. ఒకటే రకం ఉడుపు కనుక రోజూ పొద్దున ఏం వేసుకోవాలని ఆలోచించే పని లేదు. ఆ మిగిలిన తెలివి బ్యాంకుకూ (1913), విశ్వవిద్యాలయానికీ (1916) ఖర్చుపెట్టారు.

అదే నందికొండ మీదికి 1927లో ఇంకొకాయన విశ్రాంతికి వచ్చారు. గాంధీగారు. ఆ ఏడు మార్చిలో ఆరోగ్యం దెబ్బతింటే, ఏప్రిల్ నుంచి కొన్ని వారాలు అక్కడే ఉన్నారు. 1936లో మళ్ళీ వచ్చారు. ఆయన ఒంటి మీద మోకాళ్ళ దాకా కొల్లాయి, చలికి శాలువా. లండనులో చదువుకునేటప్పుడు సూటు వేసిన మనిషే ఈయన కూడా. 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ వదిలేశారు. మరో పది రోజులకు యాభై రెండు నిండబోతున్నాయి. విదేశీ గుడ్డ తగలబెట్టమంటే, ఖద్దరు కొనే శక్తి లేని పేదవాడు ఏం కట్టాలి అన్న ప్రశ్నకు అది ఆయన జవాబు. మొదట అక్టోబరు 31 దాకా అని గడువు పెట్టుకున్నారు, తరవాత జన్మంతా అదే. 1931లో లండను రాజభవనానికీ అదే ఉడుపుతో వెళ్ళారు.

ఒకరు పరిశ్రమలు లేకపోతే దేశం బతకదన్నారు, ఇంకొకరు పరిశ్రమలే దేశాన్ని మింగుతాయన్నారు. ఒకరు మెడ దాకా గుండీలు పెట్టుకున్నారు, ఇంకొకరు ఉన్నవి విప్పేశారు. ఇద్దరూ యాభై దాటే వేళకు, తమ పని ఏమిటో తెలిసిన తరవాత, ఆ పనికి తగిన ఉడుపు ఎంచుకుని దాంట్లోనే నిలబడ్డారు. అయితే చిన్నప్పటి నుంచీ నన్ను పీడించే ప్రశ్న ఒకటుంది. గాంధీగారు చొక్కా విప్పితే దేశం కదిలింది. మా తాత ఊళ్ళో చొక్కా లేకుండానే పుట్టి పెరిగాడు, ఎవరూ కదలలేదు. విప్పడంలో గొప్పతనం ఉండాలంటే ముందు వేసుకునే హక్కు ఉండాలి. అంబేద్కరుగారు సూటు వదలకపోవడంలోని అర్థం మా తాతకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. చంకన పెట్టుకున్న కోటు చెప్పింది.

నాలుగో జత మా నాయనది. ఆయన భూగర్భంలో పనిచేసేవాడు. ఖాకీ నిక్కరు, బనీను, బూట్లు, టోపీకి దీపం. తనిఖీ దగ్గర తొందరగా వదులుతారని మా అమ్మ నిక్కరు జేబులు రెండూ కుట్టేసేది. పండక్కి ఒక టెరిలిన్ చొక్కా. ఇస్త్రీ అక్కరలేదు, ఉతికితే గంటలో ఆరుతుంది, సైనైడ్ దిబ్బల దుమ్ము పట్టినా దులిపితే పోతుంది. ఆషాఢమాసం గాలికి ఆ దిబ్బల దుమ్ము ఊరి మీద పడినప్పుడు తెల్లబట్ట కట్టినవాడి అవస్థ మా ఊరివాళ్ళకే తెలుసు.

2001 ఫిబ్రవరి నెలాఖరుతో గనులు మూతపడ్డాయి. నాయనకు యాభై ఒకటి. విశ్వేశ్వరయ్యగారు దివాన్ అయిన ఈడు, గాంధీగారు కొల్లాయి కట్టిన ఈడు. ఆ ఈడులో నాయనకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు పని దొరికింది. నీలం ప్యాంటు, లేతనీలం చొక్కా, భుజానికి ఒక తాడు, ఈల. ఆ బట్టల ఖరీదు మొదటి జీతంలో పట్టుకున్నారు. కొలత తీసుకోలేదు, ఉన్నదిచ్చారు. అమ్మ రాత్రి కూర్చుని రెండంగుళాలు లోపలికి కుట్టింది.

తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కేటప్పుడు నాయన టెరిలిన్ చొక్కాతోనే ఉండేవాడు. యూనిఫాం చేతిసంచిలో. గేటు దగ్గరికి పోయాక మార్చుకునేవాడు. ఒకసారి నేనూ అదే రైల్లో వెళ్ళాను. పెట్టె నిండా ఆయనతో గనిలో పనిచేసినవాళ్ళే. తెలుగువాళ్ళు, తమిళులు, అందరి ఒళ్ళోనూ ఒక్కో సంచి. ఆ సంచుల్లో ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ ఎవర్నీ అడగలేదు. తాత కోటు చంకన దాచి ఊళ్ళోకి పోయాడు. నాయన యూనిఫాం సంచిలో దాచి ఊరు విడిచి పోయాడు. తాత రెండోసారి దాచలేదు. నాయన మాత్రం తొమ్మిదేళ్ళు దాచాడు.

ఆ ఉడుపులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని అప్పట్లో నేను ఆయనకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. నీలం రంగు నామోషీ కాదు, కాపలా పనీ నామోషీ కాదు. యాభై ఏళ్ళు వచ్చిన మనిషిని నీ కొలత ఎంత అని ఒక్కమాట అడగలేదు, అదీ బాధ. ముద్దేనహళ్ళి మనిషీ, నందికొండ మీద ఉన్న మనిషీ తమ ఉడుపు తాము ఎంచుకున్నారు. మా తాతా ఎంచుకున్నాడు, పాతదయినా సరే. నాయనకు ఆ వీలు దొరకలేదు. నడివయసులో అందంగా కనిపించడమంటే అందులో సగం ఎంచుకునే వీలే అని నాకు అనిపిస్తుంది. మిగతా సగం మంచి కుట్టు.

వారం తరవాత మళ్ళీ టైలరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి జవాబు తీసుకెళ్ళాను. బస్సెక్కడానికి వీలుగా తొడల దగ్గర వదులుగా రెండు నూలు ప్యాంట్లు. దుమ్ము కనబడకుండా బూడిదరంగు ఒకటి, మట్టిరంగు ఒకటి. చేనేత గుడ్డతో నాలుగు అరచేతుల చొక్కాలు, ప్యాంటు పైన వదిలేసినా మర్యాదగా ఉండే పొడవుతో. రాజ్యోత్సవానికీ పెళ్ళిళ్ళకూ మెడదాకా గుండీలున్న ఒక నల్లకోటు. పొట్ట దాచడానికి కుట్టు బిగించవద్దని చెప్పాను. ఉన్న కొలతకే కుట్టమన్నాను.

ఆయన 38 అని రాసి, కింద గీత గీసి, "కోటుకు లోపలి జేబు పెట్టేదా సార్? పెడితే గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది" అన్నాడు.

"రెండు పెట్టు" అన్నాను.