కుందేళ్ళు ఒప్పుకున్నాయి, మరి మనుషులు?

ముప్పై దాటకముందే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులు పోల్చుకునే జాతి మనది, అదే, సాఫ్ట్‌వేర్ జాతి. క్యాంటీన్లో ఎవరికైనా ఎల్‌డీఎల్ ఎక్కువని తెలిస్తే చాలు, "మాత్రలెందుకు బాస్, గుగ్గులు వాడు, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అనేవాడొకడు తయారు. "అదంతా ఒట్టి నమ్మకం" అని కొట్టిపారేసేవాడు ఇంకొకడు. ఈ ఇద్దరూ వినాల్సిన కథ ఒకటుంది.

గుగ్గులు అంటే గుజరాత్, రాజస్థాన్ మెట్ట నేలల్లో పెరిగే ఒక ముళ్ళ మొక్క బెరడుకి గాటు పెడితే కారే జిగురు. మన కొట్లలో ధూపానికి మైసాక్షి పేరుతో అమ్మేది ఇదే.

1960ల్లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలి దృష్టి సుశ్రుత సంహితలోని మేదోరోగ వర్ణన మీద పడింది. మేదస్సు పెరిగి స్రోతస్సులు మూసుకుపోతాయని అక్కడుంది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడానికీ దీనికీ పోలిక కనిపించిందావిడకి. మనమైతే "చూశారా, అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష" అనుకుని అక్కడితో ఆగిపోదుం. ఆవిడ కుందేళ్ళకి కొలెస్ట్రాల్ ఎక్కువున్న తిండి పెట్టి, గుగ్గులు ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గింది! 1966లో అదే ఆవిడ పరిశోధనా గ్రంథమైంది. (1990ల్లో ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ జనరల్ అయిన తొలి మహిళ కూడా ఈవిడే.)

తర్వాత లక్నోలోని సీడీఆర్ఐ ఈ జిగురు నుంచి గుగులిపిడ్ అనే మందు తయారు చేసింది. 1980ల్లో మన దేశంలో దానికి అనుమతి కూడా వచ్చింది. 1989లో అచ్చయిన ఫలితాల్లో కొలెస్ట్రాల్ సగటున 11 శాతం, ట్రైగ్లిజరైడ్లు దాదాపు 17 శాతం తగ్గాయి.

2002లో అమెరికా శాస్త్రవేత్తలు ఇదెలా పనిచేస్తుందో కూడా 'సైన్స్' పత్రికలో రాశారు. కాలేయం కొలెస్ట్రాల్‌ని పిత్తామ్లాలుగా మార్చి వదిలించుకుంటుంది. ఆ ఆమ్లాలు ఎక్కువైతే "ఇక చాలు" అని చెప్పే సెన్సర్ పేరు ఎఫ్ఎక్స్ఆర్. గుగ్గుల్‌స్టిరోన్ దాన్ని అడ్డుకుంటుందట. ఆ సెన్సర్ లేని ఎలుకల్లో మందు పనిచెయ్యలేదు. లాజిక్కు ఎంత బాగా కుదిరిందో చూడండి.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 2003లో 'జామా' పత్రికలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళ ట్రయల్ వచ్చింది. 103 మంది, 8 వారాలు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 5 శాతం తగ్గింది. గుగులిపిడ్ వేసుకున్నవాళ్ళకి 4 నుంచి 5 శాతం పెరిగింది! పైగా ఆరుగురికి ఒంటిమీద దద్దుర్లు. తిండి వేరు, మనుషులు వేరు అని వివరణలొచ్చాయి. కావచ్చు. కానీ డెవలపర్ "నా మెషీన్లో పనిచేస్తోందే" అంటే మనం రిలీజ్ చేసేస్తామా?

"కెమికల్స్ కంటే సహజమైనవే మేలు" అనేవాళ్ళకి ఇంకో సంగతి. అమెరికాలో 1987లో అనుమతి పొందిన మొదటి స్టాటిన్, లోవాస్టాటిన్, ఒక బూజు నుంచి వచ్చింది. అదీ సహజమే కదా? దాని తమ్ముడు సిమ్వాస్టాటిన్‌ని 4,444 మంది హృద్రోగుల మీద ఏళ్ళ తరబడి పరీక్షిస్తే మరణాలు 30 శాతం తగ్గాయని 1994లో తేలింది. గుగ్గులుకి అంతటి పరీక్ష జరగలేదు.

ఈలోగా ఆ మొక్కకే ముప్పొచ్చింది. నెమ్మదిగా పెరిగే మొక్క, ఎక్కువ జిగురు కోసం లోతుగా గాట్లు పెడితే ఎండి చచ్చిపోతుంది. ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో పెట్టింది.

నాకైతే సత్యవతిగారి మీద గౌరవం 2003 తర్వాత కూడా తగ్గలేదు. పాత పుస్తకంలో మాటని పరీక్షకి పెట్టే ధైర్యం ఆవిడకుంది. ఆ పరీక్షలో వ్యతిరేకంగా వచ్చిన జవాబుని కూడా ఒప్పుకునే ధైర్యం మనకుండాలి. ఈసారి క్యాంటీన్లో గుగ్గులు మాటొస్తే ఎంతమంది మీద, ఎన్నాళ్ళు, దేనితో పోల్చి చూశారో అడగండి. అంతవరకూ డాక్టరిచ్చిన మాత్ర మాత్రం మానకండేం!