అమెరికా నల్లజాతి ఓటుహక్కు: వ్యాజ్యభారం ఎవరిది?

వివక్షను నిషేధిస్తూ ప్రభుత్వం ఒక శాసనం చేస్తే సమస్య తీరినట్టేనని నమ్మేవారున్నారు. పాలకులు చేసిన శాసనం వలన పీడితులకు ఒరిగేదేమీ లేదని కొట్టిపారేసేవారూ ఉన్నారు. అమెరికాలో నల్లజాతి ప్రజల ఓటుహక్కు చరిత్ర ఈ రెండు అభిప్రాయాలనూ నిలవనివ్వదు. శాసనంలో ఏమి వ్రాశారో చూడవలసిందే. అంతకంటె ముఖ్యంగా, అన్యాయం జరిగినప్పుడు కోర్టు మెట్లు ఎక్కవలసింది ఎవరో, తీర్పు వచ్చేదాకా నష్టపడేది ఎవరో చూడాలి.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తరువాత, 1870లో అమెరికా రాజ్యాంగానికి పదిహేనవ సవరణ వచ్చింది. జాతి, వర్ణం, పూర్వపు దాస్యస్థితి కారణంగా ఎవరి ఓటుహక్కునూ కాదనరాదని అది శాసించింది. ఆ ఏడే మిసిసిపీ రాష్ట్రం తరఫున హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతీయుడు సెనేట్‌లో ప్రవేశించాడు. కాని 1877 నాటికి కేంద్ర ప్రభుత్వం దక్షిణాదిలో తన సైనిక రక్షణను ఉపసంహరించుకొన్నది. పాత యజమానుల వర్గం మళ్ళీ పగ్గాలు చేపట్టింది.

1890లో మిసిసిపీ తన రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం వ్రాసుకొన్నది. ఓటరు అర్హతలు చెప్పేచోట అందులో జాతి ప్రసక్తే లేదు. రెండు డాలర్ల తలపన్ను కట్టాలి. రాజ్యాంగంలో ఏదో ఒక భాగాన్ని చదవాలి, లేదా చదివి వినిపిస్తే దాని అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరిపోయిందో లేదో తేల్చేవాడు తెల్ల అధికారి. 1898లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. ఆ ఏడే పొరుగున ఉన్న లూసియానా కూడా ఇదే దారి పట్టింది. అక్కడ 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లుండగా, 1904 నాటికి మిగిలినవారు 1,342 మంది.

కోర్టులు బాధితుల పక్షాన నిలిచిన సందర్భాలు లేకపోలేదు. ఓక్లహోమా రాష్ట్రంలో, 1866 నాటికి ఓటున్న వారికీ వారి వారసులకూ అక్షరాస్యతా పరీక్ష మినహాయించారు. ఆనాడు ఓటున్నది దాదాపు తెల్లవారికే గనుక, పరీక్ష నల్లవారికే మిగిలింది. 1915లో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసింది. మరుసటి ఏడే రాష్ట్రం మరొక చట్టం చేసింది: 1914లో ఓటు వేసినవారి పేర్లు వాటంతటవే ఉంటాయి, తక్కినవారు పన్నెండు రోజుల్లో నమోదు కాకపోతే శాశ్వతంగా హక్కు పోతుంది. ఈ చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1939లో చెప్పింది. గడువు పన్నెండు రోజులు. న్యాయం రావడానికి ఇరవైమూడేళ్ళు.

1957, 1960 చట్టాలు ఇటువంటి దావాలు వేసే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చాయి. కాని ఒక్కొక్క జిల్లా మీద విడివిడిగా పోరాడవలసిందే. అలబామా రాష్ట్రంలో సెల్మా పట్టణమున్న డాలస్ జిల్లాలో వయసు వచ్చిన నల్లవారు సుమారు 15,000 మంది. నాలుగేళ్ళ వ్యాజ్యం తరువాత వారిలో ఓటర్లు 156 నుంచి 383కు పెరిగారు!

వ్యాజ్యం చేయలేని పనిని ప్రజలు వీధిలోకి తెచ్చారు. 1965 మార్చి 7న సెల్మా వంతెనపై శాంతియుతంగా నడుస్తున్న వారిని పోలీసులు చితకబాదారు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది. అక్షరాస్యతా పరీక్షలున్న, 1964లో సగం మంది కూడా నమోదు కాని లేక ఓటు వేయని ప్రాంతాలలో ఆ పరీక్షలను అది నిలిపివేసింది. అవసరమైనచోట ఓటర్లను నమోదు చేయడానికి కేంద్ర అధికారులను పంపింది. ఆ ప్రాంతాలలో ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా వాషింగ్టన్‌లో ముందుగా అనుమతి పొందాలన్నది. మార్పులో వివక్ష లేదని రుజువు చేయవలసిన భారం ప్రభుత్వాల మీదనే పెట్టింది. ఇన్నాళ్ళూ జాప్యం వలన లాభపడినవారు ఇప్పుడు తామే వేచి ఉండవలసి వచ్చింది. మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు 6.7 శాతం నుంచి 1967 నాటికి సుమారు 60 శాతానికి పెరిగింది. తొంభై అయిదేళ్ళలో సవరణ సాధించలేని దానిని ఈ చట్టం రెండేళ్ళలో సాధించింది.

2013 జూన్ 25న సుప్రీంకోర్టు, పరిస్థితులు మారాయంటూ, ఏయే ప్రాంతాలకు ముందస్తు అనుమతి కావాలో నిర్ణయించే సూత్రాన్ని అయిదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో రద్దుచేసింది. అంతకు ముందు ఏడు అనుమతి దొరకని గుర్తింపు కార్డు చట్టాన్ని అమలు చేస్తామని టెక్సాస్ ఆ రోజే ప్రకటించింది. ఉత్తర కెరొలైనా రెండు నెలలలోపే ఓటర్ల మీద కొత్త ఆంక్షలు తెచ్చింది. అవి నల్లవారిని ఉద్దేశించినవేనని అప్పీలు కోర్టు 2016లో తేల్చింది. ఈలోగా 2014 ఎన్నికలు జరిగిపోయాయి. ఆ ఓటు ఏ తీర్పు తిరిగి ఇవ్వగలదు?

కనుక వివక్షా నిషేధ శాసనం ఏది వచ్చినా, దాని పీఠికలోని సదాశయాలతో తృప్తిపడరాదు. రుజువు ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి, తీర్పు వచ్చేవరకు ఎవరి మాట చెల్లుతుంది అన్న క్లాజులను పట్టిపట్టి చదవాలి. సెల్మా ప్రజలు దెబ్బలు తిని సాధించినవి ఆ క్లాజులే. 2013లో పోయినవీ అవే.