సింగరేణి: రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల భాగస్వామ్యం

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్‌లో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. మంచిర్యాల జిల్లాలోని మందమర్రి ఈ సంస్థ ముఖ్య ఏరియాల్లో ఒకటి.

1920లో ఏర్పడిన కంపెనీలో మెజారిటీ వాటాలను 1945లో నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. 1956లో అవి ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించాయి. 1960 నుంచి కేంద్రం వాటాదారుగా చేరింది. 1973లో ప్రైవేటు బొగ్గు గనులు జాతీయమై, అనంతరం కోల్ ఇండియా కిందికి వెళ్లినా, అప్పటికే ప్రభుత్వ సంస్థ అయిన సింగరేణి విడిగా నిలిచింది. 2014లో రాష్ట్ర వాటా తెలంగాణకు దక్కింది.

ఈ పొత్తు నడిచే తీరు మందమర్రిలోని కేకే-5 బావి (భూగర్భ గని) మీద స్పష్టంగా కనిపిస్తుంది. కేకే అంటే కల్యాణి ఖని. మస్టర్ (హాజరు) పడి కిందికి దిగే కార్మికుడి జీతం కోల్ ఇండియాకూ వర్తించే జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం అందుతుంది. రక్షణ నిబంధనలను తనిఖీ చేసేది కేంద్ర గనుల భద్రతా విభాగం. బొగ్గుపై రాయల్టీ రాష్ట్ర ఖజానాకు జమవుతుంది. కార్మిక కుటుంబాలు ఏటా ఎదురుచూసే లాభాల వాటాను ప్రకటించేది రాష్ట్ర ముఖ్యమంత్రి.

పొత్తుకు గట్టి పరీక్ష 1990లలో ఎదురైంది. నష్టాలు పేరుకుపోయి సంస్థ రెండుసార్లు, 1992లోనూ 1996లోనూ, ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. ప్రభుత్వాల ఆర్థిక ఆసరా ఒక్కటే దాన్ని నిలబెట్టిందనడం సరికాదు. తరచూ సమ్మెలతో ఆగిన ఉత్పత్తిని గాడిన పెట్టడంలో కార్మికుల పాత్ర పెద్దది. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలవడంతో, యాజమాన్యం ఎవరితో మాట్లాడాలో తేలింది. వాటాల పత్రంలో పేరు లేకున్నా, ఈ భాగస్వామ్యంలో మూడో పక్షం కార్మికులే.

అసలు చిక్కు వాటాల్లో లేదు. 49 శాతం వాటాదారైన కేంద్రమే గనుల చట్టాన్నీ నడిపిస్తుంది. 2015 నాటి బొగ్గు గనుల (ప్రత్యేక నిబంధనల) చట్టం తర్వాత బొగ్గు బ్లాకుల వేలం మొదలైంది. సింగరేణి ప్రాంతంలోని కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకులను వేలానికి పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు కార్మికులు సమ్మె చేశారు. వాటిని నేరుగా సింగరేణికే ఇవ్వాలని రాష్ట్రం కోరింది. 2024 జూన్‌లో హైదరాబాద్‌లో ప్రారంభమైన వేలం జాబితాలోనూ శ్రావణపల్లి ఉంది.