అలిపిరి మెట్లెన్ని? ఇక్కడ ఈజీ.. లండన్‌లో కోటి ప్రశ్న! 'కోటీశ్వరుడు' క్విజ్ దేశదేశాలు తిరిగి తెలుగులోకి ఎలా వచ్చిందంటే..

అలిపిరి నుంచి తిరుమలకు ఎన్ని మెట్లు ఎక్కాలి? తిరుపతిలో ఎవరిని అడిగినా 3,550 అని ఠక్కున చెప్పేస్తారు. ఇదే ప్రశ్న లండన్ స్టూడియోలో అడిగితే హాట్ సీట్‌లో ఉన్నవాళ్లకు చెమటలు పట్టాల్సిందే. ఒక దేశంలో పుట్టిన క్విజ్ షోను ఇంకో దేశానికి తీసుకెళ్లడంలో ఉన్న అసలు చిక్కు ఇదే. సెట్టు కొనొచ్చు, మ్యూజిక్ కొనొచ్చు, లైట్లు కొనొచ్చు. ప్రశ్నలను మాత్రం ఎక్కడికక్కడ కొత్తగా రాసుకోవాల్సిందే.

ప్రపంచంలో ఎక్కువ దేశాలు తిరిగిన టీవీ క్విజ్‌లలో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' ఒకటి. మనకు 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా తెలిసిన షోకు మూలం ఇదే. ఆ ప్రయాణం ఎలా సాగిందో చూద్దాం.

పుట్టింది బ్రిటన్‌లో..

1998 సెప్టెంబర్ 4న బ్రిటన్‌కు చెందిన ఐటీవీ ఛానల్‌లో ఈ షో మొదలైంది. డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ దీని రూపకర్తలు. సెలడార్ అనే కంపెనీ నిర్మించింది. హోస్ట్ క్రిస్ టారంట్. అంతకుముందే ఆయన రేడియో శ్రోతలకు బాగా తెలిసిన గొంతు. మొదట అనుకున్న పేరు 'క్యాష్ మౌంటెన్'. తర్వాత 1956 నాటి హాలీవుడ్ సినిమా 'హై సొసైటీ'లోని ఓ పాట పేరునే షోకు పెట్టేశారు.

రూల్స్ సింపుల్. 15 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. చివరి ప్రశ్న దాటితే 10 లక్షల పౌండ్లు. ఐదో ప్రశ్న దాటితే వెయ్యి పౌండ్లు, పదోది దాటితే 32 వేల పౌండ్లు ఖాయం. ఆ తర్వాత తప్పు చెప్పినా అంతకంటే కిందకు పడిపోరు. 50-50, ఫోన్ ఎ ఫ్రెండ్, ఆడియన్స్ పోల్.. ఇవీ మూడు లైఫ్‌లైన్లు. అన్నిటికంటే పెద్ద మార్పు ఏంటంటే, ప్రశ్న చూశాక కూడా ఆట ఆపేసి అప్పటిదాకా గెలిచిన డబ్బుతో వెళ్లిపోవచ్చు. జనం టీవీకి అతుక్కుపోయింది ఇక్కడే. జవాబు తెలుసా లేదా అన్నది సగం ఆటే. తెలుసని ఎంత నమ్మకంగా ఉన్నాం, ఆ నమ్మకం మీద ఎంత డబ్బు పెట్టగలం అన్నది మిగతా సగం.

బ్రిటన్‌లో తొలి మిలియనీర్ రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2000 నవంబర్‌లో జూడిత్ కెపెల్ ఆ ఘనత సాధించారు. అమెరికాలో 1999 ఆగస్టులో ఏబీసీ ఛానల్‌లో రెగిస్ ఫిల్బిన్ హోస్ట్‌గా షో మొదలైతే, మూడు నెలలకే తొలి విజేత వచ్చాడు. ఆయన పన్నుల శాఖ ఉద్యోగి. చివరి ప్రశ్నకు ఫోన్ ఎ ఫ్రెండ్ వాడి తండ్రికి కాల్ చేశాడు. సాయం అడగడానికి కాదు.. 'నేను గెలవబోతున్నా' అని చెప్పడానికి!

మోసాలూ జరిగాయి. 2001లో బ్రిటన్‌లో ఓ ఆర్మీ మేజర్ ఆడుతుండగా, సరైన ఆప్షన్ చదివినప్పుడల్లా దగ్గు వినిపించింది. 2003లో కోర్టు ఆయన్ను, ఆయన భార్యను, దగ్గిన మరో వ్యక్తిని దోషులుగా తేల్చింది. ఆ 10 లక్షల పౌండ్లు ఆయన చేతికి అందనేలేదు.

'మిలియనీర్' కాస్తా 'కోటీశ్వరుడు' ఎందుకైంది?

మిలియన్ అంటే 10 లక్షలు. లెక్క ప్రకారం అయితే మన దగ్గర 'లక్షాధికారి' అవ్వాలి. కానీ 2000 నాటికి మన ఇళ్లలో పెద్ద కలకు పేరు కోటి. అందుకే 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో మొదలైన హిందీ వెర్షన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అయింది. అదే ఏడాది ముంబైకి చెందిన ఓ యువకుడు కోటి గెలిచాడు. సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్న ఆ కుర్రాడు రాత్రికి రాత్రే దేశమంతా తెలిసిపోయాడు. 2011లో బిహార్ నుంచి వచ్చిన ఓ కంప్యూటర్ ఆపరేటర్ 5 కోట్లు గెలిచి మరో రికార్డు కొట్టాడు.

పక్క దేశాలూ ఇదే బాటలో నడిచాయి. బంగ్లాదేశ్‌లో 'కోటిపోతి', నేపాల్‌లో 'కరోడ్‌పతి' అన్నారు. శ్రీలంకలో సింహళ వెర్షన్ మాత్రం 'లక్షపతి' దగ్గరే ఆగింది. జపాన్‌లో టాప్ ప్రైజ్ కోటి యెన్‌లు. ఇలా షో వెళ్లిన చోటల్లా అక్కడి జనం 'అంత డబ్బా!' అనుకునే అంకెను వెతుక్కుంది. మొత్తం మీద 100కు పైగా దేశాలు ఈ షోను తమ భాషల్లోకి తెచ్చుకున్నాయి.

హోస్ట్ విషయంలో మన దేశం పూర్తిగా వేరే దారి పట్టింది. బ్రిటన్, అమెరికాల్లో రేడియో, టీవీ యాంకర్లు ఈ సీట్లో కూర్చుంటే, అమితాబ్ తర్వాత ఇక్కడ అది స్టార్ల కుర్చీ అయిపోయింది. బెంగాలీలో క్రికెటర్ సౌరవ్ గంగూలీ, భోజ్‌పురిలో శత్రుఘ్న సిన్హా, మలయాళంలో సురేష్ గోపి ఆ పాత్ర పోషించారు.

మూడు భాషల సరిహద్దులో..

ఈ షో విషయంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లది ప్రత్యేకమైన పరిస్థితి. నగరి, సత్యవేడు దాటితే తమిళనాడు. కుప్పం, పలమనేరు దాటితే కర్ణాటక. మూడు భాషలూ చెవిన పడే ప్రాంతం ఇది. 2012లో తమిళంలో స్టార్ విజయ్ ఛానల్‌లో సూర్య హోస్ట్‌గా 'నీంగళుమ్ వెల్లలామ్ ఒరు కోడి' వచ్చింది. అదే ఏడాది కన్నడలో పునీత్ రాజ్‌కుమార్ 'కన్నడద కోట్యాధిపతి' మొదలుపెట్టారు. తెలుగులో మాత్రం ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది.

2014 జూన్ 9న మా టీవీలో నాగార్జున హోస్ట్‌గా 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ప్రారంభమైంది. మూడు సీజన్లు ఆయనే నడిపించారు. 2017 ఫిబ్రవరిలో నాలుగో సీజన్‌కు చిరంజీవి వచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్లు గ్యాప్. 2021 ఆగస్టు 22న జెమిని టీవీలో ఎన్టీఆర్ హోస్ట్‌గా షో తిరిగొచ్చింది. తొలి గెస్ట్ రామ్ చరణ్.

ఛానల్ మారడంతో పేరూ కొంచెం మారింది. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' కాస్తా 'ఎవరు మీలో కోటీశ్వరులు' అయింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ 'కోటీశ్వరుడు' అంటే మగవాడు ఒక్కడే. 'కోటీశ్వరులు' అంటే ఆడవాళ్లూ అందులో ఉన్నట్టే. ఇంగ్లిష్ 'మిలియనీర్'లో ఈ తేడా లేదు. తెలుగులోకి వచ్చాకే ఈ ప్రశ్న పుట్టింది. 2021 నవంబర్‌లో ఓ పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్ ఈ షోలో కోటి రూపాయలు గెలిచారు.

ప్రశ్న రాయడమే అసలు పని

మళ్లీ అలిపిరికి వద్దాం. 'తిరుమల నడకదారిలో మెట్లు ఎన్ని?' అని అడిగితే ఆ ప్రశ్న చెల్లదు. ఎందుకంటే నడకదారులు రెండు. అలిపిరి దారిలో దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2 కిలోమీటర్లు, 2,388 మెట్లు. ఆప్షన్లలో రెండు అంకెలూ ఉంటే రెండూ కరెక్టే! లక్షల రూపాయలు ఆధారపడిన చోట ఇలాంటి ప్రశ్న పడితే గొడవే. అందుకే 'అలిపిరి నుంచి' అన్న ఒక్క మాట తప్పనిసరి.

కష్టం స్థాయి కూడా ఊరిని బట్టి మారిపోతుంది. గాలి గోపురం, మోకాళ్ల మెట్టు ఏ దారిలో వస్తాయంటే తిరుపతి పిల్లలకు అది వెయ్యి రూపాయల ప్రశ్న. మొదటి ఘాట్ రోడ్డు ఏ ఏడాది మొదలైందంటే (1944) ఇక్కడి పెద్దవాళ్లూ కాస్త ఆలోచిస్తారు. హిందీ షోలో ఇవే ప్రశ్నలు అడిగితే నిచ్చెనలో చాలా పైన పెట్టాలి.

సొంత భాషలో షో ఉండాలనడానికి కారణం కూడా ఇదే. హిందీ రానివాళ్లకు కేబీసీ హాట్ సీట్ అందని ద్రాక్షే. తెలుగు మీడియంలో చదివి, ఊళ్లో లైబ్రరీలో పేపర్లు తిరగేసి సంపాదించిన జ్ఞానానికి కూడా విలువ కట్టే వేదిక 2014లోనే దొరికింది.

కోటి గెలిస్తే చేతికొచ్చేది ఎంత?

బ్రిటన్‌లో క్విజ్ గెలుపుపై పన్ను లేదు. మన దగ్గర అలా కాదు. గేమ్ షోల్లో గెలిచిన డబ్బుపై 30 శాతం పన్ను ముందే కోసేస్తారు. సర్‌చార్జి, సెస్ అదనం. అంటే కోటి గెలిచినా 70 లక్షల లోపే మిగులుతుంది.

ఈ కాల్స్‌తో జాగ్రత్త!

షోకు ఉన్న పేరును కేటుగాళ్లూ వాడుకుంటున్నారు. 'కేబీసీ లాటరీలో మీకు 25 లక్షలు తగిలాయి' అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు పంపి, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో డబ్బు గుంజుతున్నారు. ఇది లాటరీ కాదు, క్విజ్. ఆడకుండా ఎవరూ గెలవరు. గెలిచినవాళ్లు ముందుగా ఎవరి ఖాతాలోనూ డబ్బు వేయాల్సిన పనిలేదు. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.