మన మాట, వాళ్ళ తిట్టు

మొన్న రైలు దిగి, అలవాటు ప్రకారం "కూలీ!" అని కేకేశాను. వచ్చిన పెద్దాయన పెట్టె నెత్తికెత్తుకుంటూ, చేతికున్న ఇత్తడి బిళ్ళ చూపించి, "జనంలో తప్పిపోతే ఈ నెంబరు గుర్తుపెట్టుకోండి బాబూ" అన్నాడు. పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చినా ఆ నెంబరు నన్ను వదల్లేదు. ఇలాంటి నెంబర్ల కథ చరిత్రలో ఒకటుంది మరి.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకుతోటల్లో ఒప్పందం మీద పనిచెయ్యడానికి వెళ్ళిన తొలి జట్టు అందులో ఉంది. తెలుగువాళ్ళూ తమిళులూ కలిసే వెళ్ళారు. దిగిన ప్రతి మనిషికీ రిజిస్టరులో ఓ నెంబరు. 1911 దాకా అలా చేరినవాళ్ళు లక్షన్నర పైమాటే.

వాళ్ళతోపాటు ఓ మాట కూడా ఓడెక్కింది: కూలి. దాని పుట్టుక గురించి పండితులు తగవులాడుకుంటారు గాని, మనకు తెలిసినంతలో కూలి అంటే చేసిన పనికొచ్చే డబ్బు. అక్కడ అది జాతి పేరై కూర్చుంది! చెరకు నరికేవాడు కూలీ, సరే. సొంత కొట్టు పెట్టుకున్నవాడు 'కూలీ వర్తకుడు'. 1893లో వెళ్ళిన గాంధీగారు 'కూలీ బారిష్టరు'! దక్షిణాది పేర్ల చివరుండే 'స్వామి'ని పట్టుకుని అందర్నీ 'సామీ' అనేవారు. ప్రభువనే మాట కాస్తా వెటకారమైపోయింది.

నోటిమాటైతే చెవులు మూసుకోవచ్చు. చట్టంలోకెక్కితే? ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1885లో చేసిన మూడో నెంబరు చట్టం 'కూలీలనబడేవారు', అరబ్బులు, మలయులు అంటూ జాబితా రాసి, వీళ్ళెవరికీ పౌరసత్వం లేదంది. వాళ్ళుండాల్సిన వీధులు సర్కారే చూపిస్తుందంది. మరుసటేడు దానికి 'శుభ్రత కోసం' అనే సాకు జోడించారు. ఇక 1950లో దేశంలోని ప్రతి మనిషికీ జాతి చీటీ అంటించే చట్టమే వచ్చింది. అది 1991 దాకా నిలిచింది.

చదువుతుంటే తెల్లదొరల మీద ఒళ్ళు మండింది. ఆ వెంటనే స్టేషన్లో నా కేక నాకే వినిపించింది. వాళ్ళని 'సహాయక్' అనాలని 2016 రైల్వే బడ్జెట్లోనే చెప్పారు. నా నాలుకకి ఆ కబురు అందినట్టు లేదు.

నిన్న మళ్ళీ ప్రయాణం. అదే పెద్దాయన. "మీ పేరేమిటండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పేరెందుకు బాబూ, నెంబరుందిగా? ఏమన్నా తప్పు జరిగిందా?" అన్నాడు.