నజరానా నుండి చందా వరకు

పాలకునికి ధనమిచ్చినవాడు ప్రజలపై పెత్తనం కోరడం దక్కన్ చరిత్రకు కొత్త కాదు. 1853లో మొదటి సాలార్ జంగ్ హైదరాబాదు దివాన్ పదవి చేపట్టేనాటికి ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. సర్కారుకు అప్పు పెట్టిన సాహుకార్లు, జమేదార్లు తాలూకాల శిస్తు వసూలును తమ చేతుల్లోకి తీసుకున్నారు. సాలార్ జంగ్ ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, జీతం తీసుకునే తాలూక్‌దార్లను నియమించాడు. 1865 నాటి జిలాబందీతో ఆ పని ఒక క్రమానికి వచ్చింది. అప్పు ఇచ్చినవాడు వేరు, అధికారం నెరపేవాడు వేరు అన్నదే ఆ సంస్కరణలోని సారం.

ఒకప్పుడు ఆ రాజ్యంలో భాగమైన మెదక్ ప్రాంతంలో నూరేళ్ళ తరువాత అదే ప్రశ్న మరో రూపంలో తలెత్తింది. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలసింది. 1970లలో పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామికవాడలు పెరిగాయి, మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుండీ, రాయ్‌బరేలీ నుండీ గెలిచి మెదక్ స్థానాన్నే ఉంచుకున్నారు. ఆనాడు కంపెనీలు రాజకీయ పార్టీలకు చందా ఇవ్వడం చట్టరీత్యా నేరం. 1969లో విధించిన ఆ నిషేధం 1985 వరకు సాగింది.

నిషేధం ఉన్నంత మాత్రాన ఎన్నికల ఖర్చు తగ్గలేదు. చెక్కు రూపంలో రావలసినది నల్లధనంగా వచ్చిందన్న విమర్శ బలపడింది. 1985లో పార్లమెంటు చట్టం మార్చి, మూడేళ్ళ సగటు లాభంలో 5 శాతం వరకు అనుమతించింది. ఆ మొత్తాన్ని కంపెనీ లెక్కల్లో చూపాలన్నది షరతు. ప్రభుత్వ సంస్థలకు మాత్రం అనుమతి లేదు. అంటే భెల్ ఇవ్వరాదు, పక్కనున్న ప్రైవేటు ఫ్యాక్టరీ ఇవ్వవచ్చు.

అభ్యర్థి ఖర్చు సంగతి మరొకటి. పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పును నిష్ఫలం చేశారు. నేటికీ అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల రూపాయల పరిమితి ఉంది, పార్టీకి ఏ పరిమితీ లేదు. ఇంటికి ముందు తలుపు బిగించి పెరటి తలుపు తెరిచి ఉంచినట్లయింది.

దీనివల్ల నష్టపోయేదెవరు? ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి పొలాలనూ, బావులనూ పాడుచేసింది. 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. నష్టపరిహారం కోసం రైతులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. తమ పొలాల గురించి నిర్ణయించే నాయకులకు ఎవరు ధనమిస్తున్నారో తెలుసుకునే సాధనం వారికి లేదు. అధికారుల వద్ద తమ మాట నెగ్గించుకోవడానికి కంపెనీలు చేసే యత్నాలను నమోదు చేయించే చట్టం మన దేశంలో నేటికీ లేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ లోకాయుక్త చట్టం వచ్చింది. అయితే లోకాయుక్త సిఫారసు చేయగలదే గాని శిక్షించలేదు.

గవర్నర్లను నియమించేటప్పుడే హజ్రత్ ఉమర్ వారి ఆస్తులను వ్రాయించి ఉంచేవారని చరిత్రకారులు పేర్కొన్నారు. అభ్యర్థులు తమ ఆస్తులను ప్రకటించాలని మన సుప్రీంకోర్టు ఆదేశించింది 2002లో. అయితే ఆస్తి వెల్లడి అయినంత మాత్రాన చందా వెల్లడి కాదు. 2017లో కంపెనీల చందాపై గరిష్ఠ పరిమితిని ఎత్తివేశారు. 2018లో ఎలక్టోరల్ బాండ్లు వచ్చి, ఇచ్చినవారి పేరు ప్రజలకు తెలియకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. మార్చిలో వెల్లడైన జాబితాలో హైదరాబాదుకు చెందిన ఔషధ కంపెనీల పేర్లు కూడా కనిపించాయి.

నజరానాను దర్బారులో నలుగురి ఎదుట సమర్పించేవారు. అది మంచి ఆచారమని ఎవరూ అనరు. కాని ఎవరిచ్చారో నలుగురూ చూసేవారు. ప్రజాస్వామ్యంలో చందా అంతకన్నా చాటుగా సాగితే, నక్కవాగు ఒడ్డున ఉన్న రైతుకు ఓటు మిగులుతుంది గాని, ఆ ఓటును తెలిసి వేసే అవకాశం మిగలదు.