చల్లనీటి దక్షిణ అమెరికా సిక్లిడ్‌లు: తోడుచేపల ఎంపిక

చల్లనీటి దక్షిణ అమెరికా సిక్లిడ్‌లు ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా వాగుల్లో, మడుగుల్లో నివసించే మంచినీటి చేపలు. గిమ్నోజియోఫేగస్, ఆస్ట్రలోహీరోస్ వీటిలో ప్రధాన ప్రజాతులు. బీగిల్ యాత్రలో చార్లెస్ డార్విన్ సేకరించిన ఆస్ట్రలోహీరోస్ ఫసీటస్‌ను లియొనార్డ్ జెనిన్స్ 1842లో తొలిసారి వర్ణించాడు.

తోడుచేపల ఎంపికకు నీటి వేడి, స్వభావం, మేత తీరు ఆధారాలు. గిమ్నోజియోఫేగస్ నోటినిండా ఇసుక తీసుకుని, పురుగులను ఏరుకుని, ఇసుకను మొప్పల గుండా వదులుతుంది. అందువల్ల తొట్టి అడుగున సన్నని ఇసుక పరుస్తారు. శీతకాలంలో కొన్ని వారాలు నీటిని 15–18 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. ఈ చలిని తట్టుకునే కొరిడోరస్ పాలియాటస్ వీటికి తగిన తోడు. సుమారు 28 డిగ్రీల వెచ్చని నీరు కోరే డిస్కస్ చేప వీటితో పొసగదు. గుడ్లను కాచే సమయంలో ఫసీటస్ దూకుడుగా ఉంటుంది కనుక చిన్న చేపలను దానితో కలపరు.

భారతదేశంలో ఈ చేపలను పెంచేవారికి వేడి ఒక సమస్య: గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత నది ఒడ్డునున్న సిరోంచ వంటి చోట్ల వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వీటి పెంపకానికి నీటిని చల్లబరిచే యంత్రం అవసరం. తొట్టిలో పెంచే ఇలాంటి పరాయి చేపలను నదిలో వదలడం స్థానిక జాతులకు ముప్పు. 1952లో భారతదేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబానిదే; అది దేశంలోని అనేక నదుల్లో, చెరువుల్లో స్థిరపడింది.